మగ్గం వర్క్ గదికి సీఆర్ఐ 95 ట్యూబ్‌లైట్లు వేయించాం: నెల్లూరు నుంచి నా రివ్యూ

లైటు గురించి ఇంత పెద్ద రివ్యూ ఏంది అనుకునేవాళ్ళు ఉంటారు, కానీ దారం రంగుతో బట్ట రంగుతో బతికే మాలాంటోళ్ళకి సూది తర్వాత అంత ముఖ్యమైన సామాను లైటే. నేను నెల్లూరు మూలాపేటలో ఇంట్లోనే బ్లౌజులు కుడతా, మగ్గం వర్క్ చేయిస్తా. పాత ఇల్లు, పక్కింటి గోడ మా గోడకి ఆనుకునే ఉంటుంది, వీధి వైపు తలుపు తప్ప ముందు గదిలోకి పగటి వెలుగు వచ్చే దారే లేదు, పట్టపగలు కూడా లైటు వేసుకునే కూర్చోవాలి. పోయిన ఎండాకాలంలో ఆ గదికి నాలుగడుగుల ఎల్ఈడీ బ్యాటెన్లు (పట్టీతో సహా వచ్చే ట్యూబ్ లైట్లు) కొత్తవి పెట్టించాం, బాక్సు మీద సీఆర్ఐ 95, 4000 కెల్విన్ అని రాసున్నవి. సీఆర్ఐ అంటే లైటు రంగుల్ని ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే మార్కు, కెల్విన్ అంటే వెలుగు ఛాయ, అంకె తక్కువైతే పసుపు, పెరిగేకొద్దీ తెలుపు. అప్పటినుంచి శ్రావణమాసం గిరాకీ, పెళ్ళిళ్ళ సీజను, తుఫాను పట్టి నాలుగైదు రోజులు సూర్యుడే కనపడని వానాకాలం అన్నీ వీటి కిందే గడిచాయి కాబట్టి ఇప్పుడు ధైర్యంగా రాస్తున్నా. బ్రాండ్ పేరు రాయట్లేదు, ఎందుకంటే నేను చెప్పేది కంపెనీ గురించి కాదు, బాక్సు మీద ఉండే రెండు అంకెల గురించి. ఆ అంకెలుండి, కింద నేను చెప్పే తనిఖీలకి నిలబడితే ఏ కంపెనీదైనా ఒకటే.

ముందున్న లైట్ల సంగతి చెప్తే తేడా అర్థమవుతుంది. అందరిళ్ళల్లో ఉండే మామూలు ఎల్ఈడీ ట్యూబులే, కూల్ డేలైట్ 6500 కెల్విన్. వెలుతురు తక్కువేం కాదు, గదంతా తెల్లగా పాలుపోసినట్టు ఉండేది. ఆ వెలుతుర్లో దారం మ్యాచింగే సమస్య. ఒక కస్టమర్ వెంకటగిరి పట్టుచీర తెచ్చారు, మిరపపండు ఎరుపు, అంచు జరీ. సిల్క్ దారం రీళ్ళు నా దగ్గర ఎరుపులోనే ఏడెనిమిది షేడ్లుంటాయి, వాటిలో ఒకటి బట్ట మీద పెడితే దారం ఎక్కడుందో కనపడనంతగా కలిసిపోయింది. అదే రీలు అదే బట్ట తలుపు దాకా తీసుకుపోయి ఎండ వెలుగులో పెడితే బట్ట నిఖార్సైన మిరపపండు ఎరుపు, దారం మాత్రం ఇటుకరాయి రంగు. రెండింటికీ పొంతనే లేదు. మ్యాచింగ్ సెంటర్లో లైనింగ్ గుడ్డ కొనేటప్పుడు కూడా ఇదే తంతు, అందుకే కదా మన ఆడవాళ్ళందరూ గుడ్డ చేత్తో పట్టుకుని షాపు గుమ్మం దగ్గరకొచ్చి చూసుకునేది. మా అమ్మ కూడా అట్నే చేసేది, ఎవరూ నేర్పకపోయినా ఆ పద్ధతి నూటికి నూరుపాళ్ళు కరెక్టు.

ఎందుకిలా అవుతుందో చెప్తా, ఇది తెలిస్తేనే కొనేటప్పుడు మోసపోరు. బట్టకి సొంతంగా రంగు ఉండదు, దాని మీద పడిన వెలుగులో కొంత మింగేసి కొంత వెనక్కి పంపుతుంది, ఆ వెనక్కి వచ్చిందే మన కంటికి రంగు. ఎండలో నీలం నుంచి ఎరుపు దాకా అన్నీ ఉంటాయి కాబట్టి బట్ట దగ్గర ఏం దాచుకున్నా బయటపడుతుంది. తెల్ల ఎల్ఈడీ అలా కాదు, లోపల ఉండేది నీలం చిప్పు, దాని మీద నీలంలో కొంత పసుపు వెలుగుగా మార్చే ఫాస్ఫర్ అనే పూత, నీలం కొంత పసుపు కొంత కలిసి మన కంటికి తెలుపుగా కనిపిస్తుంది. ఆ నీలం ఎల్ఈడీ కనిపెట్టినందుకే అకసాకి, అమానో, నకమురా అనే ముగ్గురికి 2014లో ఫిజిక్స్ నోబెల్ ఇచ్చారు, కరెంటు ఎంత మిగిలిందో లెక్కేస్తే ఇవ్వాల్సిందే. కానీ చవక రకం ఫాస్ఫర్ పూసిన లైట్లలో ముదురు ఎరుపు భాగం బాగా తక్కువ. వెలుగులోనే ఎరుపు లేకపోతే బట్ట ఎరుపుని యాడ నుంచి తెచ్చి చూపిస్తుంది? మన చీరల్లో ముప్పాతిక భాగం ఎరుపు కుటుంబమే, రాణి పింకు, మెరూను, కనకాంబరం, వంకాయ రంగు, ఉల్లిపొర రంగు, ఇవన్నీ ఆ లైట్ల కింద చచ్చిపోతాయి. ఇంకో సంగతి, రెండు వేరే వేరే రంగుమందులతో అద్దిన బట్టలు ఒక లైటు కింద ఒకేలా కనిపించి ఇంకో లైటు కింద విడిపోవచ్చు, దీన్ని మెటామెరిజం అంటారు. పట్టు బట్ట ఒక చోట అద్దింది, దారం ఇంకో చోట అద్దింది, కాబట్టి మా పనిలో ఇది రోజూ ఉండేదే.

సీఆర్ఐ అంటే ఈ రంగులు చూపించే సత్తాకి వేసే మార్కు, 100 కి ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిది. పాత ఫిలమెంటు బల్బుకి దాదాపు 100. ఇప్పుడు ఇళ్ళల్లో ఉండే ఎల్ఈడీలకి 80 అటూ ఇటూ. 80 అంటే పరీక్షలో డిస్టింక్షన్ కదా అనిపిస్తుంది, కానీ ఆ మార్కు వేసేది ఎనిమిది లేత రంగుల సగటు మీద, అందులో ముదురు ఎరుపు లేదు. ముదురు ఎరుపుకి ఆర్9 అని విడిగా ఇంకో అంకె ఉంటుంది, సీఆర్ఐ 80 ఉన్న లైటుకి ఆ ఆర్9 సున్నాకి దగ్గర్లో కూడా ఉండొచ్చు, సగటులో అది బయటపడదు. అందుకే ఎరుపుతో పనుండే వాళ్ళు 90 పైన చూడాలి, కుదిరితే ఆర్9 కూడా అడగాలి. యూరప్ లైటింగ్ స్టాండర్డులో బట్టల రంగు తనిఖీ చేసే చోటుకి సీఆర్ఐ కనీసం 90, టేబుల్ మీద 1000 లక్స్ (ఒక చోట ఎంత వెలుతురు పడుతుందో చెప్పే కొలత), 4000 కెల్విన్‌కి తగ్గకుండా ఉండాలని రాసుంది. నేను ఈ లైటు ఎంచుకోడానికి అదే ఆధారం.

షాపులో మాత్రం ఈ అంకె అడిగితే వింతగా చూస్తారు. ట్రంకు రోడ్డు మీద కొన్ని ఎలక్ట్రికల్ షాపుల్లో అడిగా, "అక్కా, ఎన్ని వాట్లు కావాలో చెప్పండి, తెలుపా పసుపా చెప్పండి, ఈ సీఆర్ఐ ఏంది" అన్నారు. ఒకాయన మాత్రం ఓపిగ్గా బాక్సులన్నీ తిప్పి చూశాడు, అన్నిటి మీదా 80 పైన అనే ఉంది, "కంపెనీ వాళ్ళకి చెప్పి తెప్పిస్తానక్కా" అని నిజంగానే తెప్పించాడు. వాట్ అంటే కరెంటు ఎంత తాగుతుందో, లుమెన్ అంటే వెలుతురు ఎంతో, కరెంటు పొదుపుకి వేసే బీఈఈ స్టార్లు ఉంటాయే అవి వాట్‌కి ఎంత వెలుతురు ఇస్తుందో, ఈ మూడింటికీ రంగుతో సంబంధమే లేదు. ఐదు స్టార్ల బల్బు కింద కూడా మెరూన్ బ్లౌజు కాఫీపొడి రంగులో కనిపించొచ్చు. 2015లో ఉజాలా పథకం వచ్చాక మన ఇళ్ళల్లోకి ఎల్ఈడీ బల్బులు ఎట్లా వచ్చిపడ్డాయో అందరికీ గుర్తే, మంచి పనే జరిగింది, కరెంటు బిల్లు తగ్గింది, కానీ జనానికి వాట్ ఒక్కటే తలకెక్కింది, రంగు సంగతి ఎవరూ చెప్పలా.

సరే, కొత్త లైట్ల కింద ఏం మారిందో చెప్తా. మొదట కంటికి కొట్టింది మనుషుల చేతులే, అంతకుముందు మా దగ్గర పనిచేసే అమ్మాయిల చేతులు పాలిపోయినట్టు ఉండేవి, ఇప్పుడు రక్తం ఉన్న చేతుల్లా ఉన్నాయి. ఆ మిరపపండు ఎరుపు రీలు గోల తీరిపోయింది, గదిలో కలిసిన దారం తలుపు దగ్గర కూడా కలుస్తోంది, నూటికి తొంభై సార్లు. జరీలో రాగి ఛాయ ఉన్నది, నిమ్మపండు ఛాయ ఉన్నది వేరుగా తెలుస్తున్నాయి, కట్‌దానాల్లో, పూసల్లో కూడా అంతే. ఉల్లిపొర రంగు, లేత కనకాంబరం రెండూ ఇదివరకు ఒకేలా కనిపించి మా దగ్గర పనిచేసే అమ్మాయి రీళ్ళు కలిపేసేది, ఇప్పుడు పెట్టెలో నుంచి తనే విడదీస్తోంది. లైట్లని కాస్త కిందకి, టేబుల్‌కి నేరుగా పైన వేలాడదీయించాం, ఫోన్‌లో లక్స్ యాప్ పెడితే బట్ట దగ్గర 900 దాకా చూపిస్తోంది, ఫోన్ లెక్క కాబట్టి కొంచెం అటూ ఇటూ ఉండొచ్చు. సూది దారం ఎక్కించడానికి అరచేతిని అడ్డం పెట్టుకుని వెతుక్కునే పని పోయింది.

ఇక్కడొకటి గట్టిగా చెప్పాలి. సీఆర్ఐ 95 ఉంది కదా అని కెల్విన్ చూడకుండా పసుపు లైటు తెచ్చి పని టేబుల్ మీద పెట్టుకోవద్దు. సీఆర్ఐ మార్కు వేసేటప్పుడు అదే రకం ఛాయ ఉన్న వెలుగుతో పోలుస్తారు, 2700 కెల్విన్ లైటుని పాత బల్బుతో పోలుస్తారు. పాత బల్బులోనే నీలం తక్కువ. కాబట్టి 100 మార్కులొచ్చినా సరే ఆ వెలుగులో నేవీ బ్లూకి నలుపుకి తేడా కనిపెట్టడం కష్టం, హాఫ్ వైటుకీ గంధం రంగుకీ కూడా. రంగు పనికి 4000 నుంచి 5000 కెల్విన్ సుఖం, 6500 అయినా తప్పులేదు, సీఆర్ఐ 90 పైన ఉంటే.

మరి పెళ్ళి మండపంలో లైట్లు మన గదిలో లాగా ఉండవు కదా అంటారా, అవును ఉండవు, అందుకే మేము ఇప్పుడు మూడు చోట్ల చూస్తున్నాం. ఖరీదైన బ్లౌజు అయితే దారం, లైనింగ్, పూసలు మూడూ చీర కుచ్చెళ్ళ మీద పెట్టి ముందు ట్యూబు కింద, తర్వాత తలుపు దగ్గర పగటి వెలుగులో, ఆఖర్న మూలన పెట్టుకున్న పసుపు బల్బు కింద చూస్తాం. మూడు చోట్లా కలిస్తేనే సూది దిగుతుంది. బట్టల మిల్లుల్లో దీనికోసమే లైట్ బాక్స్ అని ఒక పెట్టె ఉంటుంది, స్విచ్ మారిస్తే ఒకసారి పగటి వెలుగు, ఒకసారి షాపుల్లో ఉండే ట్యూబు వెలుగు, ఒకసారి బల్బు వెలుగు వస్తాయి, దాంట్లో పెట్టి రంగు పాస్ చేస్తారు. మాకు అంత సామాను అక్కర్లేదు, ఒక పసుపు బల్బు, ఒక గుమ్మం చాలు. పగటి వెలుగు కూడా ఒకటే రకం కాదు, మిట్టమధ్యాహ్నం నీడలో చూడ్డం వేరు, సాయంత్రం ఐదున్నరకి ఎర్రెండలో చూడ్డం వేరు, కస్టమర్లు మాపటేళ వచ్చి ఆ ఎండలో చూసి రంగు మారింది అంటే మళ్ళీ పొద్దన్నే రమ్మంటున్నా.

తెల్ల బట్టల విషయంలో మాత్రం ఈ లైటు కూడా పూర్తిగా న్యాయం చేయదు. కొత్త తెల్ల గుడ్డలో, సబ్బు పొడిలో మెరుపు కోసం కలిపే మందులుంటాయి, ఎండలో ఉండే అతినీలలోహిత కిరణాలు తగిలితేనే అవి మెరిసి తెలుపు ఇంకా తెల్లగా కనిపిస్తుంది. ఎల్ఈడీ వెలుగులో ఆ కిరణాలు ఉండవు, కాబట్టి ఎండలో తళతళలాడిన తెల్ల పంచె ఇంట్లో కొంచెం మాసినట్టే ఉంటుంది. తెలుపులో తెలుపు మ్యాచ్ చేయాలంటే గుమ్మమే దిక్కు.

షాపులకెళ్ళినప్పుడు కూడా ఇది గుర్తుపెట్టుకోండి. బంగారం కొట్లల్లో నగల మీద పసుపు ఛాయ స్పాట్ లైట్లు, పక్కనే వజ్రాల అద్దాల్లో తెల్ల లైట్లు ఊరికే పెట్టరు, పసుపు వెలుగులో బంగారం పండినట్టు ఉంటుంది, తెల్ల వెలుగులో రాయి మెరుస్తుంది. అది వ్యాపారం, తప్పనడానికి లేదు. చేపల దగ్గరే నాకు పట్టింపు. మన నెల్లూరోళ్ళం చేప తాజాదా కాదా చూసేది మొప్ప ఎత్తి, ఎర్రగా ఉంటే తీసుకుంటాం, గోధుమ రంగు తిరిగితే వదిలేస్తాం. కొన్ని కొట్లల్లో, మటన్ దగ్గర కూడా, గులాబీ ఛాయ లైటు వేలాడదీస్తారు, దాని కింద రెండ్రోజుల చేప మొప్ప కూడా ఎర్రగానే ఉంటుంది. చేపని ఆ లైటు కింద నుంచి బయటకి తెమ్మనండి, లేకపోతే కన్ను పొంగి నిగనిగలాడుతోందా, వేలితో నొక్కితే కండ మళ్ళీ పైకి వస్తోందా, వాసన ఎట్లుంది, ఇవి చూసుకోండి, వీటికి లైటుతో పని లేదు. పులుసు పెట్టాక తెలిసి లాభం లేదు.

కళ్ళ నొప్పి, తలనొప్పి సంగతికొస్తే, మా పాత లైట్లలో ఒకదానికి ఫోన్ కెమెరా పెడితే స్క్రీన్ మీద నల్లటి చారలు పాకేవి. అంటే లైటు కంటికి తెలీకుండా ఆరి వెలుగుతోందని. మన కరెంటు సెకనుకి 50 సార్లు ఊగుతుంది, దానివల్ల చవక డ్రైవరు (లైటు లోపల కరెంటుని సరిచేసి ఇచ్చే భాగం) ఉన్న లైటు సెకనుకి 100 సార్లు మినుకుమంటుంది, చూపుకి తెలీకపోయినా మెదడు పట్టుకుంటుంది. పాత చోక్ ట్యూబులు కూడా ఇంతే, 1989లో ఇంగ్లండులో ఒక ఆఫీసులో చోక్ ట్యూబులు తీసి చోక్ బదులు మినుకు లేని ఎలక్ట్రానిక్ బలాస్ట్‌వి పెట్టి చూస్తే తలనొప్పులు, కళ్ళ నొప్పులు సగానికి పైగా తగ్గాయని తేలింది. మా గదిలో ఇంకో చిక్కుంది, మిషన్ వీల్ తిరిగేటప్పుడు మినుకు లైటు కింద అది ఆగినట్టో వెనక్కి తిరుగుతున్నట్టో కనిపిస్తుంది, వేళ్ళు దగ్గర పెట్టే పనిలో అది ప్రమాదం. కొత్తవాటికి కెమెరా పెట్టి చూశా, చారలు లేవు. మీరు కొనేటప్పుడు షాపులోనే వెలిగించమని ఫోన్ పెట్టి చూసుకోండి, ఎవరూ కాదనరు.

ఇప్పుడు రాత్రి సంగతి, నాకు దీని మీదే ఎక్కువ చెప్పాలనుంది, ఎందుకంటే మా పనిలో ఆడపిల్లలు సీజన్లో రాత్రి పదకొండు దాకా ఈ లైట్ల కింద కూర్చుంటారు. మన కంట్లో చూడ్డానికి పనికొచ్చే కణాలు కాక ఇంకో రకం కణాలున్నాయని 2002 ప్రాంతంలో గట్టిగా తేలింది. అవి బొమ్మ చూడవు, ఇప్పుడు పగలా రాత్రా అని మాత్రం మెదడుకి చెప్తాయి. వాటికి నీలం వైపు వెలుగు, 480 నానోమీటర్ల దగ్గరిది, ఎక్కువగా తగులుతుంది. రాత్రి తొమ్మిదికి 6500 కెల్విన్ లైటు తల మీద వెలుగుతా ఉంటే అవి ఇంకా పగలే అని చెప్తాయి, నిద్ర తెచ్చే మెలటోనిన్ ఆలస్యంగా మొదలవుతుంది, మంచం ఎక్కినా నిద్ర పట్టదు. 2022లో ఈ రంగంలో పని చేసే శాస్త్రవేత్తలు కొందరు కలిసి ఒక లెక్క చెప్పారు, నీలం వైపు ఎక్కువ తూకం వేసి కొలిచే మెలనోపిక్ లక్స్‌లో, పగలు కంటి దగ్గర 250కి తగ్గకూడదు, పడుకునే ముందు మూడు గంటలు 10 దాటకూడదు, నిద్రపోయేటప్పుడు 1 దాటకూడదు అని. మన ఇళ్ళల్లో సరిగ్గా తిరగబడి ఉంటుంది, పగలు చీకటి గది, రాత్రి పట్టపగలు.

మేము చేసిందేందంటే, పని టేబుల్ ట్యూబులు పని గదికే. రాత్రి ఎనిమిది దాటాక రంగు మ్యాచింగ్ పని పెట్టుకోం, హెమ్మింగు, హుక్కులు, కాజాలు లాంటివే, వాటికి ఒక్క ట్యూబు చాలు. పడగ్గదిలో, హాల్లో 2700 కెల్విన్ బల్బులు పెట్టాం, అవి కూడా సీఆర్ఐ 90వి. వెలుతురు అంతే ఉన్నా 6500తో పోలిస్తే ఆ కణాలకి తగిలే భాగం సగం దాకా తగ్గుతుంది, పైగా తల మీద లైటు ఆపేసి గోడ పక్క చిన్న లైటు వేసుకుంటే ఇంకా తగ్గుతుంది. మా ఇంట్లో పిల్లలు తొమ్మిదిన్నరకే ఆవలిస్తున్నారు. అత్తకి మొదట నచ్చలా, "ఏంది అబ్బయా, ఇల్లంతా దీపాలు పెట్టినట్టుంది, కళ్ళు కనపడవు" అని మా ఆయన మీద కోప్పడింది. ఆమె చెప్పింది తీసిపారేసే మాట కాదు. వయసు పెరిగేకొద్దీ కంటి లెన్సు పసుపెక్కుతుంది, కంటిపాప చిన్నదవుతుంది, అరవై ఏళ్ళ మనిషి కంటి వెనక ఉండే రెటీనాకి చేరే వెలుగు ఇరవై ఏళ్ళ మనిషికి చేరేదాంట్లో మూడో వంతే. అందుకని ఆమె కూర్చునే చోట, బాత్రూమ్ దారిలో, బియ్యం ఏరుకునే దగ్గర వెలుతురు పెంచాం, ఛాయ మార్చలా. తర్వాత ఆమెకి శుక్లాల ఆపరేషన్ అయింది, ఒక కన్ను కట్టు విప్పిన రోజు తన నీలం చీర చూసుకుని ఇది ఇంత నీలమా అంది. ఆ కంటితో ఒక రంగు, ఈ కంటితో ఒక రంగు, ఒకదాని తర్వాత ఒకటి మూసి చూపించింది, ఆపరేషన్ కాని కంటితో చూస్తే అంతా టీ డికాషన్ చల్లినట్టుందంట. పెద్దవాళ్ళు మందు బిళ్ళల రంగు చూసి గుర్తుపట్టి వేసుకుంటారు కాబట్టి వాళ్ళ మందుల డబ్బా దగ్గర మంచి లైటు ఉండాల్సిందే.

చంటిపిల్లల విషయంలో కూడా ఇది పనికొస్తుంది. పుట్టిన బిడ్డకి కామెర్లు ఉన్నాయా అని ఇంట్లో పసుపు బల్బు కింద చూస్తే ఏమీ తెలీదు, అందరూ పసుపుగానే ఉంటారు. పగటి వెలుగులో నుదురు మీద, ముక్కు మీద వేలితో నొక్కి వదిలితే చర్మం అడుగున పసుపు తెలుస్తుంది, నల్లని ఛాయ ఉన్న బిడ్డకైతే కంట్లో తెల్లగుడ్డు, చిగుళ్ళు చూడాలి. అనుమానం వస్తే ఇంట్లో తర్కించుకోకుండా ఆస్పత్రిలో రక్తపరీక్ష చేయించాలి.

పగటిపూట లైటు గురించి కూడా ఒక మాట. మా గదిలో ఎంత మంచి ట్యూబులు పెట్టినా 900 లక్స్, నెల్లూరు ఎండలో మిట్టమధ్యాహ్నం లక్ష లక్స్. మబ్బు పట్టినా వేలల్లో ఉంటుంది. అందుకని అమ్మాయిల్ని పొద్దన్నే టీ తాగేటప్పుడు అరుగు మీద కూర్చోమంటున్నా. చిన్నపిల్లలకైతే ఇది ఇంకా ముఖ్యం. చైనాలో గ్వాంగ్‌జౌ స్కూళ్ళల్లో రోజుకి 40 నిమిషాలు అదనంగా బయట తిప్పితే మూడేళ్ళలో కొత్తగా హ్రస్వదృష్టి (దూరంవి మసగ్గా కనపడటం) వచ్చిన పిల్లలు నూటికి 39 మందికి బదులు 30 మందే ఉన్నారని 2015లో లెక్క వచ్చింది. ఏ ఎల్ఈడీ ట్యూబూ ఆ పని చేయలేదు, ట్యూషన్ల నుంచి పిల్లల్ని కాసేపు బయటకి వదలండి.

ఎల్ఈడీల వల్ల కళ్ళు పోతాయని వాట్సాప్‌లో తిరిగే మాటలు నమ్మొద్దు. యూరోపియన్ కమిషన్ సైన్స్ కమిటీ 2018లో చూసి, మామూలుగా ఇంట్లో వాడే ఎల్ఈడీ వెలుగు ఆరోగ్యంగా ఉన్న మామూలు జనం కళ్ళకి నేరుగా హాని చేస్తుందనడానికి ఆధారం లేదని చెప్పింది. అలాగని లైటుని నేరుగా గుడ్లప్పగించి చూడమని కాదు. బ్లూ కట్ కళ్ళద్దాలు కూడా అంతే, 2023లో పరిశోధనలన్నీ కలిపి చూసిన కాక్రేన్ రివ్యూలో వాటివల్ల కళ్ళ అలసట తగ్గుతుందన్నది తేలలేదు. ఆ డబ్బుతో మంచి లైటు కొనుక్కోవచ్చు.

ఇక ఈ లైట్లలో నాకు నచ్చనివి. మొదటిది రేటు, మామూలు బ్యాటెన్ రెండొందల యాభైకి వస్తుంటే ఇది ఆరొందలు దాటింది. రెండోది, అదే వాట్‌కి వెలుతురు కొంచెం తక్కువ, ఎరుపు కోసం పెట్టే ఫాస్ఫర్ వల్ల అది తప్పదు, అందుకే లెక్కేసి ఒకటి ఎక్కువే పెట్టుకోవాలి. మూడోది, ఒక పీస్ మిగతావాటికంటే కాస్త ఆకుపచ్చగా కొట్టింది, షాపాయన మారుస్తానన్నాడు, మార్చాడు, కానీ కొన్న రోజే అన్నీ పక్కపక్కన వెలిగించి చూసుకోవడం మంచిది. డ్రైవర్ వేడెక్కే చోట గాలి ఆడేలా వదలాలి, మా స్లాబు ఇంట్లో మే నెలలో సీలింగ్ దగ్గర వేడి మామూలుగా ఉండదు. వోల్టేజ్ ఊగినప్పుడు మాత్రం ఇప్పటిదాకా ఏం ఇబ్బంది పెట్టలా. వారంటీ రెండేళ్ళు.

మార్కులు అడిగితే 5కి 4.5, అర మార్కు రేటుకి, దొరక్కపోవడానికి తగ్గించా. టైలరింగు, మగ్గం, చీరల వ్యాపారం, పెయింటింగు, బ్యూటీ పార్లరు, పండ్ల కొట్టు ఉన్నోళ్ళు కళ్ళు మూసుకుని తీసుకోవచ్చు. ఇంట్లో అన్ని గదులకీ అక్కర్లేదు, వంటింట్లో కూరగాయలు తరిగే దగ్గర ఒకటి, అద్దం ముందు ఒకటి చాలు. పాత చోక్ పట్టీలోనే ఎల్ఈడీ ట్యూబు పెట్టించాలనుకుంటే మాత్రం ముందు ఎలక్ట్రీషియన్‌తో చోక్, స్టార్టర్ తీయించి వైరింగు సరిచేయించుకోండి, కొన్ని ట్యూబులకి ఒక వైపే కరెంటు ఇవ్వాలి, కొన్నిటికి రెండు వైపులా, బాక్సు మీద బొమ్మ ఉంటుంది, అది చూపించి చేయించండి. మాకైతే ఆ తలనొప్పి వద్దని పట్టీతో సహా వచ్చే బ్యాటెన్లే తీసుకున్నాం, వచ్చే నెల వంటింటికి కూడా ఒకటి చెప్పి పెట్టా.